పక్కింటావిడ ఫైలు

ఈ బ్రిటన్ దేశంలో నాకు ఓటుందని తెలిసిన రోజు నేను నిజంగా నోరెళ్ళబెట్టానండీ. ఓటరు లిస్టులో పేరెక్కించుకున్నది ఓటు కోసం కాదు. పేరుంటే బ్యాంకువాళ్ళ దగ్గర మన పరపతి పెరుగుతుందనీ, ఇంటి లోన్ తొందరగా వస్తుందనీ షెఫీల్డ్‌లో మన తెలుగువాళ్ళకి ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో తెలీదు గానీ అందరం ఎక్కించుకున్నాం. లోన్ వచ్చింది, ఇల్లు కొన్నాం, ఆ లిస్టు సంగతే మర్చిపోయాం. 2016లో, యూరోపియన్ యూనియన్‌లో ఉందామా, బయటికి పోదామా అని ఈ దేశం జనాన్ని అడిగినప్పుడు, నా పేరు మీద పోలింగ్ కార్డు గుమ్మంలో వచ్చి పడింది. ఒకప్పుడు వీళ్ళు మనల్ని ఏలారు కాబట్టి మనం కామన్వెల్త్ వాళ్ళమట. పాస్‌పోర్ట్ ఇండియాదే అయినా ఇక్కడుంటే ఓటు ఉంటుందట. అన్నేళ్ళు ఏలినందుకు నాకు పరిహారంగా దక్కింది అదొక్కటే. దాన్ని నేనెలా వాడానో చెప్తాను వినండి.

పక్కింటి ఆంటీకి మాత్రం ఓటు లేదు. ఆవిడది పోలండ్. అది యూరోపియన్ యూనియన్ దేశమే కాబట్టి వీసా లేకుండా ఇక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, ఈ ఓటు మాత్రం వెయ్యకూడదు. నాకంటే రెండేళ్ళు ముందే ఈ ఊరొచ్చింది. మొదట శాండ్‌విచ్‌లు చేసే ఫ్యాక్టరీలో, తర్వాత ఆఫీసులు తుడిచే పనిలో చేసి, చివరికి ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండర్ అయింది. ఆవిడ దగ్గరికి వెళ్ళిన మొదటి పిల్ల మా పాపే. అప్పటికి దానికి ఏడాది నిండింది. మా ఆవిడ పెద్దాస్పత్రిలో నర్సు. రోటాలో పొద్దుటి డ్యూటీ పడితే ఆరున్నరకల్లా ఇల్లు కదలాలి. ఆ టైముకి ఏ నర్సరీవాళ్ళు తలుపు తీస్తారు? ఆంటీ తీసేది. నిద్రపోతున్న పిల్లని దుప్పటితో సహా అందుకునేది. మా పాప తెలుగులో ఒకటీ రెండూ రాకముందే పోలిష్ అంకెలు నేర్చింది. నేను గోంగూర కలిపి పెడితే మొహం తిప్పుకునేది గానీ, ఆంటీ పెట్టే బీట్‌రూట్ చారు గిన్నెతో సహా నాకేసేది. చెప్పొద్దూ, ఆవిడే లేకపోతే మా ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానుకోవాల్సిందే. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసే చేశాను.

ఎందుకు చేశావయ్యా అంటే, కడుపుమంట. 2008లో ఎమ్మెస్సీకి వచ్చిన దగ్గర్నుంచీ నేను ఈ దేశానికి కాగితాలు చూపిస్తూనే ఉన్నాను. స్టూడెంట్ వీసా, చదువయ్యాక పని వీసా, కంపెనీ మారితే మళ్ళీ ఇంకో వీసా. నేను ఒక రూలు కంఠతా పట్టేసరికి వీళ్ళు ఇంకో రూలు తెచ్చేవాళ్ళు. మన తెలుగువాళ్ళ ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి, బీరువాలో ఒక లావుపాటి ఫైలుంటుంది. జీతం స్లిప్పులు, కౌన్సిల్ పన్ను బిల్లులు, జీపీ అనే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ రాసిన ఉత్తరాలు, దేశం దాటిన ప్రతి తేదీ, తిరిగొచ్చిన ప్రతి తేదీ అందులో ఉంటాయి. ఇల్లు తగలబడితే ముందు ఫైలు, తర్వాత బంగారం, వీలుంటే మొగుడు అనేది మా ఆవిడ. పక్కింట్లో ఫైలు లేదు. బిల్లు కట్టగానే ఆంటీ దాన్ని చింపి చెత్తలో పారేసేది. "కట్టేశాను కదా, ఇంకెందుకు దాచడం?" అనేది.

ఒకసారి సెలవుల నుంచి మేమూ ఆవిడా ఒకే రోజు మాంచెస్టర్‌లో దిగాం. ఆవిడ పాస్‌పోర్ట్ అలా చూపించి ఇలా వెళ్ళిపోయింది. మేము చంకలో పిల్లతో గంటన్నర లైన్లో నిలబడ్డాం. బయటికి వచ్చేసరికి ఆవిడ మా కోసం కాఫీలు కొని పట్టుకుని ఉంది. అవి చల్లారిపోయాయి. థాంక్స్ చెప్పి తాగాను గానీ లోపల కుతకుతలాడిపోయాను. ఏం, ఆవిడ కష్టపడింది, నేను కష్టపడలేదా? ఆవిడకి దారి, నాకు లైనా? ఎదుటివాడికి రెండు కళ్ళు పోతాయంటే నాకు ఒక కన్ను పోయినా ఫరవాలేదనే రకాన్ని నేనని నాకు ఆరోజే తెలిసింది. తెలిసి సిగ్గుపడ్డానా అంటే, లేదు.

ఇలాంటి మంట నాకొక్కడికే కాదు లెండి. ఓటింగ్‌కి నెల ముందు ఒక స్కూల్ హాల్లో మన తెలుగువాళ్ళ భోజనాలయ్యాయి. టేక్‌అవే హోటల్ నడిపే ఒక అంకుల్ ఒక చేత్తో పులిహోర ప్లేటు, ఇంకో చేత్తో మైకు పట్టుకుని రాజకీయం విప్పారు. "యూరప్ వాళ్ళకి తలుపు మూస్తే ఆ ఖాళీల్లోకి ఎవరొస్తారనుకున్నారు? మనమే! వంటవాళ్ళకి వీసాలు, మీ బావమరుదులకి వీసాలు." ఒక అమ్మాయి "అత్తమామలకి కూడా ఇస్తారా అంకుల్?" అని అడిగింది. "ఎందుకివ్వరమ్మా, ఇస్తారు" అన్నారాయన, స్టాంపు తన జేబులోనే ఉన్నట్టు. ఇక చూడండి, ఎవరెవరిని పిలిపించుకోవాలో అక్కడే పేర్లు అనుకోవడం మొదలెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేను ఊరుకోవచ్చుగా? మాది భీమవరం వైపు. మైకు కనపడితే మావాళ్ళు ఊరుకోరు. లాక్కుని మాట్లాడాను. "ఇన్నాళ్ళూ లైన్లో మనం నిలబడ్డాం. ఇక వాళ్ళనీ నిలబడనివ్వండి, తెలుస్తుంది" అన్నాను. అబ్బో, చప్పట్లే చప్పట్లు. ఇంటికొచ్చేటప్పుడు కారులో మా ఆవిడ అడిగింది, "ఆంటీ వెళ్ళిపోతే పిల్లని మీరు చూస్తారా?"

"ఆవిడెందుకు వెళ్తుంది? ఇది దేశాల మధ్య గొడవ. పక్కింటి గొడవ కాదు."

"మీకు అర్థమయ్యే గొడవ పక్కింటిదొక్కటే కదండీ" అంది.

ఓటింగ్ రోజు మేమిద్దరం పోలింగ్ బూత్‌కి వెళ్తూ పాపని ఎవరి దగ్గర వదిలామో చెప్పనా? ఆంటీ దగ్గరే. చర్చి హాల్లో దారం కట్టిన పెన్సిల్ ఒకటి వేలాడుతోంది. నేను దాన్ని నమ్మలేదు, ఎవరైనా చెరిపేస్తారని సొంత పెన్నుతో గీశాను. బయటికి పోదామన్న గడిలో, గట్టిగా. మా ఆవిడ ఉందామన్న గడిలో వేసింది. తిరిగొచ్చి పాపని తీసుకుంటుంటే ఆంటీ మొహం వెలిగిపోతోంది. "నాకు ఓటు లేదు కదా. మీ రెండిట్లో ఒకటి నాదీ అనుకుంటాను" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను వంగి పాప బూట్లు వెతకడం మొదలెట్టాను.

మా ఇంట్లో రెండు ఓట్లూ ఒకదాన్నొకటి తినేశాయి గానీ దేశంలో నా వైపే గెలిచింది. నేను ఓటేసిన పక్షం గెలవడం నా జన్మలో అదే మొదటిసారి. గెలిచాక తెలిసింది, ఎలా వెళ్ళాలో ఎవరికీ తెలీదని. అలిగి అత్తారింటి నుంచి బయల్దేరిన కొత్తల్లుడు, ఎవరైనా బతిమాలి ఆపుతారేమోనని గుమ్మంలోనే చెప్పులు వెతుక్కుంటాడు చూశారూ, అలా మూడేళ్ళు గుమ్మంలోనే నిలబడింది ఈ దేశం. మధ్యలో ప్రధానమంత్రులు మారారు. టీవీలో రోజూ అవే మొహాలు, అదే అరుపు. పౌండు పడిపోయింది. నేను పనిచేసే ప్రాజెక్టు ఒక బ్యాంకుది. ఆ బ్యాంకువాళ్ళు సగం పని ఆమ్‌స్టర్‌డామ్‌కి పట్టుకుపోయారు. మా టీములో నా పక్క సీట్లు రెండు ఖాళీ అయ్యాయి. నా సీటు వెంట్రుకవాసిలో మిగిలింది. మా ఆవిడ వార్డులో స్పెయిన్ నర్సులు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ప్రతిసారీ ఒక కేకు కోసేవాళ్ళు, వాళ్ళ డ్యూటీలు మిగిలినవాళ్ళు పంచుకునేవాళ్ళు. మా ఆవిడ కేకు ముక్క ఇంటికి తెచ్చి నా ముందు పెట్టి, "తినండి, మీ వల్ల వచ్చిందే" అనేది.

మరి వీసాలు? అంకుల్ వంటవాళ్ళకి రాలేదు. బావమరుదులకి రాలేదు. అత్తమామల సంగతి అసలు అడక్కండి. అంకుల్ కిచెన్‌లో గిన్నెలు కడిగే రొమేనియా మనిషి మాత్రం సొంతూరు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒకరోజు బిర్యానీ కోసం వెళ్తే అంకులే లుంగీ ఎగ్గట్టి సింకు దగ్గర ఉన్నారు. "మనల్ని దగా చేశార్రా అబ్బాయ్" అన్నారు. ఎవరు అంకుల్ అని అడగాలనిపించింది, ఆయన చేతిలో గరిటె చూసి ఊరుకున్నాను. ఒప్పందం లేకుండా బయటపడితే సరుకులు దొరకవని ఊరంతా హడావుడి పడుతుంటే, మా ఆఫీసులో ఒక ఇంగ్లీషాయన నన్ను పక్కకి పిలిచి మీరేం దాచారని అడిగాడు. ఇరవై కిలోల బియ్యం, రెండు జాడీల ఆవకాయ అన్నాను. దేనికోసం దాచారన్నాడు. ఆదివారం కోసం అన్నాను.

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాను. 2019 వసంతంలో ఒక శనివారం ఆంటీ ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. యూరప్ వాళ్ళంతా ఇకనుంచి ఇక్కడుండాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. అయిదేళ్ళు ఏకధాటిగా ఇక్కడున్నట్టు తేలితే శాశ్వతంగా ఉండనిస్తారు, తేలకపోతే తాత్కాలికంగా. "నాకివేమీ తెలీవు. నువ్వు ఇలాంటివి బోలెడు చేశావు కదా" అంది. "తొందరేం లేదు, చాలా టైముంది. తోటపని అయ్యాక సెప్టెంబర్‌లో చూద్దామా?"

ఫారం! దాని పేరు వినగానే నా ఒళ్ళు పులకరించింది. ఒకపక్క తప్పు చేశానన్న బాధ, ఇంకోపక్క ఇంతకాలానికి నా విద్య ఒకరికి పనికొస్తోందన్న పొంగు. "సెప్టెంబరా! ఆలస్యం అమృతం విషం ఆంటీ. రేపు రూలు మార్చేస్తే?" అన్నాను. మన అనుభవం అది. క్యూ మొదలయ్యేలోపే క్యూలో ఉండాలి. వంటింట్లోంచి మా ఆవిడ తెలుగులో "పాపపరిహారమా?" అంది. ఏమంటోందని ఆంటీ అడిగింది. టీ పెడతానంటోంది అన్నాను.

ఫోనులో పాస్‌పోర్ట్ ఫొటో, మొహం ఫొటో తీసేసరికి పది నిమిషాలు. కంప్యూటర్, ఆంటీ కట్టిన పన్నుల లెక్క చూసుకుని, కొన్ని నెలలు కనపడట్లేదు, వాటికి కాగితాలుంటే పెట్టండి అంది. ఆ నెలలకి ఒకటో రెండో ఉత్తరాలు పెడితే సరిపోయేదేమో. నేను ఒకటీ రెండుతో సరిపెడతానా? నాలుగు వారాంతాలు కూర్చున్నాను. పాత ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ దగ్గర్నుంచి, చర్చి ఫాదర్ దగ్గర్నుంచి, దంతాల డాక్టర్ దగ్గర్నుంచి ఉత్తరాలు తెప్పించాను. ఆవిడ చింపేసిన బిల్లులన్నిటికీ నకళ్ళు తెప్పించాను. రంగురంగుల చీటీలు అంటించాను. ఆవిడ ఆ ఫైలు చేత్తో ఎత్తి బరువు చూసి, "నేను ఇంతకాలం బతికానా?" అని నవ్వింది.

అక్కడితో ఆగానా? మన దరఖాస్తుల్లో దేశం దాటిన ప్రతి రోజూ రాయాలి. ఒక్క తేదీ దాచినా అబద్ధాలకోరు అంటారని మనకి ప్రాణభయం. ఆవిడ ఫారంలో ఆ ప్రశ్నే లేదు. లేకపోవడం నాకు ముచ్చెమటలు పట్టించింది. అడగలేదంటే ఏదో మెలిక ఉందనుకున్నాను. ఆవిడ పాత టికెట్లు, ఈమెయిళ్ళు తవ్వి పట్టిక వేశాను. 2010లో వాళ్ళ నాన్న పోయినప్పుడు ఎనిమిది నెలలు, 2014లో వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు ఏడు నెలలు, ఆ సెప్టెంబర్‌లో తిరిగి రాక. టికెట్లు జతపరిచి, పైన "సవినయంగా మనవి చేసుకుంటున్నాను" అన్న ధోరణిలో రెండు పేజీల ఉత్తరం రాశాను. అడక్కముందే అన్నీ చెప్పేస్తే మంచివాళ్ళనుకుంటారని మన నమ్మకం. ఆంటీ చదవలేదు. "నువ్వు రాశావు కదా" అని సంతకం పెట్టేసింది.

నెల తర్వాత జవాబొచ్చింది. తాత్కాలికం.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, వందకి పైగా కాగితాలు పెట్టాం కదా అన్నాను. అటువైపు అమ్మాయి ఎంతో మర్యాదగా ఆ ఉత్తరం చదివి వినిపించింది. ఆరు నెలలు మించి బయట ఉంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుందట. ఆవిడ ఏ అయిదేళ్ళూ ఏకధాటిగా ఈ దేశంలో లేదని, తిరుగులేని సాక్ష్యాలతో సహా, మేమే రుజువు చేశామట. 2014 సెప్టెంబర్ నుంచి లెక్కేస్తే ఇంకో నాలుగు నెలలకి అయిదేళ్ళు నిండుతాయి, అప్పుడు పెట్టి ఉంటే శాశ్వతంగానే వచ్చేది, ఎందుకంత తొందరపడ్డారు అని అడిగింది. తోటపని అయ్యాక చేద్దామన్న మనిషిని నేనే తరిమాను.

ఆంటీకి చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను, ఫైలు వరకూ. "ఏం ఫరవాలేదు, సెప్టెంబర్‌లో మళ్ళీ పెడదాం. నేను ఇలాంటివి నాలుగుసార్లు పెట్టాను. అలవాటైపోతుంది" అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "మీకు అలవాటైంది. నేను అలవాటు చేసుకోను" అంది. "పదమూడేళ్ళయింది. ఇంకా చుట్టపుచూపుగానే ఉన్నానంటే, వెళ్ళిపోతాను. చుట్టాలు ఎప్పటికైనా వెళ్ళాలి కదా." వాళ్ళ చెల్లెలు ఉన్న ఊళ్ళో చిన్న ఇల్లు దొరికిందని పది రోజుల్లో చెప్పింది. పాప స్కూలు సెలవులిచ్చేదాకా మాత్రం ఉంటానంది. అది మా కోసం.

మా ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రోటా కాగితం ముందేసుకుని పొద్దుటి డ్యూటీలన్నీ వరసగా కొట్టేస్తూ, "ఓటేసి ఒకసారి పంపారు. ఆ ఓటు ఊరికే పోతుందేమోనని ఫారం నింపి మళ్ళీ పంపారు" అంది. వార్డులో ఆవిడకి రావాల్సిన ప్రమోషన్ ఆ గీతలతోనే పోయింది.

జూలైలో నేనే ఆంటీని కారులో ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాను. దారంతా ఓటు సంగతి చెప్పేయాలి, చెప్పేయాలి అనుకున్నాను. రోడ్డు పనుల గురించి చెప్పాను. వాన గురించి చెప్పాను. దిగాక ఆవిడ నన్ను గట్టిగా కౌగిలించుకుంది. "ఈ వీధిలో ఎవరు ఎటు వేశారో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. నా కోసం నాలుగు వారాంతాలు కూర్చున్నది నువ్వొక్కడివే" అంది. ఆ మాట నేను కాదనలేదు. తీసుకుని జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. అంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

సాయంత్రం పాప అన్నం తినలేదు. ఆరేళ్ళ పిల్ల. మేము తెలుగులో అడిగితే అది యార్క్‌షైర్ యాసలో ఇంగ్లీషులో జవాబిస్తుంది. కంచం పక్కకి నెట్టి, నేను అల్లరి చేశాననేనా ఆంటీ వెళ్ళిపోయింది అని అడిగింది. కాదమ్మా అన్నాను. మరి? ఆంటీ వాళ్ళింటి గోడ మీద తన డ్రాయింగులన్నీ వదిలేసి వెళ్ళిపోయిందట, తన మీద కోపం లేకపోతే ఎందుకు వదిలేస్తుందట. ఆ పిల్ల ఆ తప్పు తన నెత్తిన వేసుకుని పెద్దదవుతుందని నాకు అప్పుడు తట్టింది.

"నీ వల్ల కాదమ్మా. నా వల్ల" అన్నాను. "ఇలాంటివాళ్ళు ఇక్కడ ఉండక్కర్లేదా అని అందర్నీ అడిగినప్పుడు, నేను అవునన్నాను."

పాప "డజ్ షీ నో?" అంది.

ఆంటీకి తెలీదన్నాను. అది కుర్చీ దిగి, మా ఆవిడ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. తప్పు చేస్తే సారీ చెప్పాలని దానికి నేర్పింది ఆంటీయే. మా ఆవిడ పొయ్యి కట్టేసి అక్కడే నిలబడింది. రింగవుతుంటే ఎత్తకపోతే బాగుండని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఎత్తింది. చేరాను, చెల్లెలు సూప్ పెట్టింది, పాప తిన్నదా అని సంతోషంగా అడిగింది. నేను చెప్పాను. ఎటు వేశానో చెప్పాను, ఎందుకు వేశానో చెప్పాను, ఆరోజు పాపని ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళే వేశానని కూడా చెప్పాను.

అటువైపు చెంచా బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. క్షమించమన్నాను. మళ్ళీ అన్నాను.

"ఫోను పాపకివ్వు" అంది.

ఇచ్చాను. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆంటీ పాపకి ఫోన్ చేస్తుంది. మా ఆవిడ నంబర్‌కే చేస్తుంది.